వహీదా రెహమాన్: ఏరువాక నుంచి కరువు దాకా

2023లో వహీదా రెహమాన్‌కు దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ప్రకటించినప్పుడు తెలుగువాళ్ళం మళ్ళీ ఒకసారి ‘రోజులు మారాయి’ని గుర్తు చేసుకున్నాం. ఆమె తొలిసారి తెరమీద కనిపించింది మన సినిమాలోనే, మన ఏరువాక పాటకే అని మురిసిపోయాం. ఆ మాట నిజమే. కానీ అక్కడితో ఆగిపోతే అది ‘చిన్నప్పుడు ఈ పిల్లను నేనే ఎత్తుకున్నాను’ అని చెప్పుకునే దూరపు చుట్టం గొప్పలా ఉంటుంది. ఆ పిల్ల పెరిగి ఏం చేసిందన్నది అందులో ఉండదు.

నేను వహీదా సినిమాల్ని గార్లదిన్నె నుంచి చూస్తాను. అనంతపురం నుంచి గుత్తి వైపు పోయే పెద్దరోడ్డు మీద ఉన్న ఊరు ఇది. పక్కనే పెనకచర్ల దగ్గర పెన్న మీద మిడ్ పెన్నార్ డ్యామ్ ఉంది, తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ళు దాన్లోకి వస్తాయి. కాలువ కింద మడి ఉన్నవాడిది ఒక బతుకు, ఎర్రనేలలో చెనక్కాయ వేసి మబ్బు వైపు చూసేవాడిది ఇంకో బతుకు. జిల్లాలో ఏడాదికి కురిసేదే సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అదీ అదునుకు కురవాలి. ఇలాంటి చోట ఏరువాక అనేది పాటతో అయిపోయే ముచ్చట కాదు. కరువంటే సినిమా క్లైమాక్సూ కాదు.

అందుకే నాకు ఆమె కెరీర్‌లో రెండు సినిమాలు రెండు గట్లలా కనిపిస్తాయి. ఒకటి 1955 నాటి ‘రోజులు మారాయి’. అందులో ఆమె రైతును దుక్కికి పిలుస్తూ ఆడింది. రెండోది 1965 నాటి ‘గైడ్’. అది కరువులో, వాన కోసం చేసే ఉపవాసంతో ముగుస్తుంది. సరిగ్గా పదేళ్ళ తేడా. ఈ రెంటి మధ్యా, వాటి తర్వాతా ఆమె చేసిన మంచి పాత్రలన్నిటినీ వరసలో పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. వహీదా ఎక్కువగా నటించింది పని చేసి బతికే ఆడవాళ్ళను. నాట్యకత్తె, నౌటంకీ ఆట మనిషి, నర్సు, ఇటుకలు మోసే కూలి. అందాన్ని, అభినయాన్ని ఎంతోమంది మెచ్చుకున్నారు. పనిని ఆమె ఎలా చూపించిందో అంతగా మాట్లాడుకోలేదు. ఈ వ్యాసం దాని గురించి.

*

వహీదా 1938లో చెంగల్పట్టులో పుట్టింది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే దక్కనీ ముస్లిం కుటుంబం. తండ్రి ప్రభుత్వ అధికారి కావడంతో బదిలీల మీద ఊళ్ళు తిరిగారు. విశాఖపట్నంలో కాన్వెంట్‌లో చదువుకుంది. అలాంటి ఇంటి ఆడపిల్ల ఆ రోజుల్లో భరతనాట్యం నేర్చుకోవడమే వింత. డాక్టరు కావాలనుకుంది. ఈలోగా తండ్రి పోయాడు, తల్లి ఆరోగ్యం బాగాలేదు. ముచ్చటపడి నేర్చుకున్న నాట్యం సంపాదనకు దారి అయింది. ఈ మలుపును జీవితచరిత్రలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. నాకు మాత్రం ఆమె నటనకు తాళంచెవి ఇక్కడే ఉందనిపిస్తుంది. నాట్యం సరదాగానూ ఉంటుంది, ఇంటికి బియ్యమూ తెస్తుంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయో ఆమెకు పదిహేడేళ్ళకే తెలుసు.

‘రోజులు మారాయి’ తీసింది సారథి సంస్థ, దర్శకుడు తాపీ చాణక్య. జమీందారీ కుటుంబం నుంచి వచ్చి ‘మాలపిల్ల’, ‘రైతుబిడ్డ’ లాంటి సినిమాలు నిర్మించిన సంస్థ అది. భూమి ఎవరిది, దున్నేవాడికి ఏం మిగులుతుంది అన్న ప్రశ్న ఊరూరా నలుగుతున్న కాలం. ఆ సినిమా అక్కినేని నాగేశ్వరరావు, షావుకారు జానకిలది. వహీదాది ఒక్క పాట. కొసరాజు రాశారు, మాస్టర్ వేణు స్వరపరిచారు, జిక్కి పాడారు. జనం ఆ పాట కోసం మళ్ళీ మళ్ళీ వచ్చారు.

పాటను ఇప్పుడు చూడండి. శాస్త్రీయ శిక్షణ పాదాల్లో తెలుస్తూనే ఉంటుంది, పైన మాత్రం పల్లెపిల్ల చలాకీతనం. బిగువూ సడలింపూ రెండూ ఉన్నాయి. కెమెరా వైపు చూసే చూపులో బెరుకు లేదు, అలాగని వలవేసే చూపూ కాదు. తనకొచ్చిన పని శ్రద్ధగా చేస్తున్న మనిషి ధీమా అది.

ఆ పాటలోని ఏరువాక సంబరం కళకళలాడే ఏరువాక. మా వైపూ జ్యేష్ఠ పున్నమినాడు ఎద్దుల్ని కడిగి, కొమ్ములకు రంగులు పూసి, ఓళిగలు చేసుకుంటాం. అయితే ఆ పండగ వెనక ఒక గుబులు ఉంటుంది. మృగశిరలో పదునయ్యే వాన పడుతుందా, పడితే గొర్రు కట్టాక మళ్ళీ పడుతుందా? ఆ దశకంలోనే మాకు దగ్గర్లోని తరిమెలకు చెందిన విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ రాశారు. ఎండిన పెన్న ఒడ్డున కూలికి దిగజారిన ఒక రైతుబిడ్డ సంసారం కథ అది. ఒకే కాలపు తెలుగు నేల మీద ఒక పక్క ‘రోజులు మారాయి’ ఏరువాక, ఇంకో పక్క ‘పెన్నేటి పాట’ గంజి. ఒకటి అబద్ధం, ఇంకొకటి నిజం అని నేననను. రెండూ నిజాలే. రైతును పొలానికి పిలుస్తూ ఆడిన ఆ అమ్మాయికి కథలో పొలం లేదు, పేరు లేదు, పాట అయ్యాక పనీ లేదు. పిలిచే మనిషికి పంటలో పాలు ఉండదు. పదేళ్ళ తర్వాత ‘గైడ్’లో ఈ సంగతే మళ్ళీ ఎదురవుతుంది.

ఆ పాట వరస కూడా బొంబాయి చేరింది. 1960లో ‘బంబయీ కా బాబు’కి ఎస్.డి. బర్మన్ దాన్ని వాడుకున్నారు. వరస అదే, ఏరువాక మాత్రం రాలిపోయింది. అదే బర్మన్ తర్వాత ‘గైడ్’లో వహీదా నాట్యానికి సంగీతం కట్టారు.

*

ఏరువాక పాట అంత పేరు తెచ్చినా తెలుగు పరిశ్రమకు ఆ పిల్లతో ఏం చేయాలో తెలియలేదు. అదే ఏడాది ఎన్.టి. రామారావు ‘జయసింహ’లో అంజలీదేవి పక్కన రెండో కథానాయిక వేషం వచ్చింది. తమిళంలో మళ్ళీ నాట్యాలే. హైదరాబాదు వచ్చిన గురుదత్ దృష్టిలో పడటం, ఉర్దూ మాట్లాడగలదని తెలిసి బొంబాయి పిలిపించడం అందరికీ తెలిసిన కథే. 1956లో ‘సి.ఐ.డి.’, ఆ మరుసటేడు ‘ప్యాసా’.

ఈ కథలో చిన్నదిగా కనిపించే వివరం ఒకటుంది. ఆ పేరు పొడుగ్గా ఉంది, మార్చుకోమన్నారు. అప్పటికి మధుబాల, మీనాకుమారి, నర్గీస్ అందరివీ తెరకోసం పెట్టుకున్న పేర్లే. వహీదా ఒప్పుకోలేదు. నచ్చని బట్టలు వేసుకోనని ఒప్పందంలో రాయించుకుంది. ఇంకా మైనారిటీ తీరని అమ్మాయి, పక్కన తల్లి తప్ప ఎవరూ లేని అమ్మాయి, పనిలోకి దిగకముందే పని షరతులు మాట్లాడింది. ఆమె నటన గురించి రాసేవాళ్ళు దీన్ని పొగరనో, ఆత్మగౌరవమనో అంటారు. నాకు కూలి ముందే తెంచుకుని చేనులో దిగే మనిషి తెలివి కనిపిస్తుంది.

అయినా ఆమెను గురుదత్ నీడలోనే చూడటం మన సినీ రచయితలకు అలవాటైంది. ఆయన ప్రేరణ ఆమె, ఆయన విషాదానికి కారణం ఆమె అని పేజీలకు పేజీలు. ‘కాగజ్ కే ఫూల్’ ఆ చదువుకు ఊతమిచ్చింది. అందులో దర్శకుడు తార చేసిన అమ్మాయి శాంతి. ఊలు అల్లుకుంటూ కూర్చునే సాదాసీదా మనిషి. చివరికి సినిమాలు వదిలి పల్లెటూరి బడిలో పాఠాలు చెప్పడానికి వెళ్తుంది. సినిమా జాలి అంతా దర్శకుడి మీదే. శాంతి ఏం పోగొట్టుకుందో అడగదు. వహీదా ఆ లోటును మాటలు లేకుండానే పూడుస్తుంది. అల్లిక మీద నుంచి ఎత్తే చూపులో ‘నాకూ ఒక బతుకుంది’ అన్న జ్ఞాపిక ఉంటుంది. ‘ప్యాసా’ గులాబో అయితే ఇంకా స్పష్టం. రాత్రి వీధిలో బేరం కోసం నిలబడే ఆ మనిషే కవి రాతలకు మొదటి నిజమైన పాఠకురాలు. ప్రచురణకర్తలకు లేని అభిరుచి ఆమెకుంది. వహీదా ఆ గులాబోను దయనీయంగా చేయలేదు. బేరం పోయిందని తెలిసిన క్షణంలో ముఖంలో తిరిగే ఆ విసుగు పనిమనిషి విసుగు, ఆకలి తెలిసిన విసుగు.

*

ఇక ‘గైడ్’. ఆర్.కె. నారాయణ్ నవల 1958లో వచ్చింది. ఆ నవలకు ఒక ప్రేరణ మైసూరు కరువు. కృష్ణరాజసాగరం అడుగు తేలినప్పుడు బ్రాహ్మణులు నీళ్ళలో నిలబడి వాన కోసం జపం చేసిన సంగతి ఆయన తన ఆత్మకథలో రాసుకున్నారు. మా ఊళ్ళలో కప్పలకు పెళ్ళి చేస్తారు, విరాటపర్వం చదివిస్తారు. పద్ధతులు వేరు, మబ్బుకు పెట్టే మొర ఒకటే. విజయ్ ఆనంద్ సినిమా తీసేటప్పుడు కథను ఉత్తరాదికి, ఉదయపూర్ మేడల మధ్యకు తీసుకుపోయారు. తన మాల్గుడిని ఎక్కడికో ఎత్తుకుపోయారని నారాయణ్ నొచ్చుకుని ఒక వ్యాసమే రాశారు. ఆయన కోపం న్యాయమే. కానీ ఆ సినిమాలో ఆయన నవలకన్నా ఒక పాలు ఎక్కువ బతికింది రోజీ. అది వహీదా వల్ల.

రోజీ నాట్యకత్తెల ఇంట్లో పుట్టింది. గౌరవం కోసం మార్కోను పెళ్ళాడి నాట్యం మానేసింది. నవలలో మార్కో చెడ్డవాడేం కాదు, శిల్పాలు తప్ప పెళ్ళాం కనబడని మనిషి. సినిమా అతణ్ణి క్రూరుడిగా, తిరుగుబోతుగా మార్చింది. ఆడది మొగుణ్ణి వదిలి రావాలంటే ప్రేక్షకుడికి అంత బలమైన సాకు కావాలనుకున్నారు. వహీదా నటన మాత్రం ఆ సాకు మీద ఆధారపడలేదు. నాగస్వరానికి పాములవాళ్ళ మధ్య ఆమె ఆడే ఘట్టం చూడండి. అప్పటికింకా ఎవరినీ వదల్లేదు, ఎవరితోనూ వెళ్ళలేదు. కానీ ఆ ఒళ్ళు పని మరిచిపోని ఒళ్ళు. ఏళ్ళ తరబడి బీడుగా ఉంచిన చేను మీద మొదటి వాన పడినట్టుంటుంది.

ఆ తర్వాత ఆమె బయటపడే పాట వస్తుంది. గడ్డి మీద కూర్చుని పోతూ, చేతిలోని మట్టికుండను విసిరి పగలగొడుతుంది. కరువుసీమలో పెరిగినవాళ్ళకు కుండ పగలడం చూడలేని దృశ్యం. నీళ్ళు మోసే కుండను ఆడవాళ్ళు చంటిబిడ్డ కంటే జాగ్రత్తగా చంకన పెట్టుకుంటారు. మా దగ్గర కావాలని కుండ పగలగొట్టేది ఒక్క శ్మశానంలోనే. ఆ దృశ్యంలో నాకు రెండూ కలిసి కనిపిస్తాయి. ఒక భార్య చచ్చిపోయింది, ఇంకొకరి ఇంటికి నీళ్ళు మోసే పని ముగిసింది. వహీదా ఆ పని నవ్వుతూ చేస్తుంది. ఆ నవ్వులో పశ్చాత్తాపం వెతికితే దొరకదు. 1965లో ఒక పెళ్ళయిన ఆడదాని ముఖంలో ఆ నవ్వును అలా వదిలేయడం చిన్న సంగతి కాదు.

నాట్యం రోజీకి విడుదల. అదే నాట్యం మెల్లగా ఫ్యాక్టరీ అవుతుంది. రాజూ ఒప్పందాలు కుదుర్చుకుంటాడు, డబ్బు లెక్కపెడతాడు, జూదమాడతాడు, ఆమె పేరున దొంగసంతకం పెడతాడు. సంపాదించేది ఆమె, ఖర్చుపెట్టేది అతను. ఈ భాగాన్ని వహీదా కేకలేసి చేయలేదు. తొలి ప్రదర్శనల్లోని వెలుగు కొద్దికొద్దిగా తగ్గుతుంది, తాళం తప్పదు, ముఖం మాత్రం పనిగంటలు లెక్కబెట్టుకునే ముఖమవుతుంది. ఇది అభినయశాస్త్రం నేర్పే విద్య కాదు. ఇంటికి డబ్బు తెచ్చే మనిషికి మాత్రమే తెలిసేది.

తర్వాత రాజూ జైలు నుంచి వచ్చి ఒక పల్లెలో స్వామి అయిపోతాడు. కరువొస్తుంది. ఒక అమాయకుడు మాటను మార్చి చెప్పడంతో వాన కోసం పన్నెండు రోజుల ఉపవాసం అతని నెత్తిన పడుతుంది. జనం చేరతారు, పరదేశపు విలేఖరులు వస్తారు. చివరికి వాన కురుస్తుంది, అతను పోతాడు. నవలలో వాన పడిందో లేదో నారాయణ్ తేల్చకుండా వదిలేశారు. సినిమా తేల్చేసింది.

దూరదర్శన్‌లో ‘గైడ్’ వచ్చినప్పుడు హిందీ రాని మా అవ్వకు కథ నేనే చెప్తూ పోవాల్సి వచ్చింది. ఉపవాసం ఘట్టం దగ్గర ఆమె ఒక్క మాట అనింది: “వానకోసరం ఒగడు పన్నెండు దినాలు కడుపు మాడ్చుకుంటే సామి అయిపాయ. కరువులో ఆడోళ్ళు మాడ్చుకునేది ఎవురు లెక్కబెట్న్యారు?” ఈ సినిమా మీద నేను చదివిన విమర్శల్లో అంత సూటిది ఇంకోటి లేదు.

అవ్వ మాట పట్టుకుని చూస్తే ‘గైడ్’ లోటు తెలుస్తుంది. సినిమా కరువును పాపి పుణ్యాత్ముడయ్యే మెట్టుగా వాడుకుంది. గుడి లోపల మగవాడు, అతని ఆత్మతో అతని సంవాదం. సినిమా సగం నడిపిన రోజీ చివర్లో తల్లితో, గఫూర్‌తో పాటు వచ్చి ఏడ్చేవాళ్ళలో ఒకరవుతుంది. మొదటి చినుకుతో కథ అయిపోతుంది. మాకు లెక్క మొదలయ్యేదే అక్కడ. ఆ వాన పదునుకు సరిపోతుందా, విత్తనం ఇంట్లో ఉందా, అప్పు ఎవడిస్తాడు, ఎద్దులు బతికున్నాయా? ‘రోజులు మారాయి’లో ఏరువాకకు పిలిచిన మనిషికి పంటలో పాలు లేనట్టే, ‘గైడ్’లో అంత నాట్యం ఆడిన మనిషికి వానలో పాలు దక్కలేదు. అయినా ఇప్పుడు ‘గైడ్’ చూసేవాళ్ళకు గుర్తుండేది స్వామి ఉపన్యాసాలకన్నా రోజీ పాదాలే. తక్కువ ఇచ్చిన చోట ఎక్కువ నిలబడటం వహీదాకు ఏరువాక పాట నాటి నుంచీ అలవాటే.

*

‘గైడ్’ మరుసటేడు వచ్చిన ‘తీస్రీ కసమ్’లో ఈ పని సంగతి ఇంకా తేటగా ఉంది. ఫణీశ్వరనాథ్ రేణు కథ. హీరాబాయి నౌటంకీలో ఆడే మనిషి, హీరామన్ ఆమెను ఎడ్లబండిలో ఊరికి చేర్చే బండివాడు. అతనికి ఆమె దేవత, ఊళ్ళో మగాళ్ళకు అమ్ముడయ్యే సరుకు. ఈ రెండు చూపుల మధ్య తనెవరో హీరాబాయికి తెలుసు. ఆమె ఆట ఆడే మనిషి, రేపు ఇంకో ఊళ్ళో ఆట ఉంది. రైల్వేస్టేషన్లో విడిపోయే ఘట్టంలో వహీదా ఏడుపును గొంతు దగ్గరే ఆపేస్తుంది. బండివాడి అమాయకత్వం మీద ప్రేమా ఉంది, ఆ అమాయకత్వంలో తనకు చోటు లేదన్న ఎరుకా ఉంది.

‘ఖామోషీ’ని తెలుగువాళ్ళు తప్పక పోల్చి చూడాలి. 1959 నాటి బెంగాలీ ‘దీప్ జ్వేలే జాయ్’ మనకు 1960లోనే ‘చివరకు మిగిలేది’గా వచ్చింది, సావిత్రి నర్సు. 1969లో అదే పాత్రను హిందీలో వహీదా చేసింది. మనసు చెదిరిన రోగికి నయం కావడానికి ప్రేమ నటించమని నర్సుకు పురమాయిస్తారు. రోగి బాగుపడతాడు, నర్సు కూలిపోతుంది. సావిత్రి ఆ కథలో ప్రేమించే మనసు విరగడాన్ని చూపిస్తుంది. మనం ఆమెతో పాటు మునుగుతాం. వహీదా నాకు ఇంకోటి చూపిస్తుంది. డ్యూటీ చార్టు, మందుల ట్రే, నడవాలో నడక, అదే నడక, మళ్ళీ అదే నడక. ప్రేమను కూడా షిఫ్టులో భాగం చేస్తే మనిషి ఏమవుతుందో తెలుస్తుంది. సావిత్రి గొప్పా వహీదా గొప్పా అనే పందెం నాకొద్దు. ఒకే కథను ఒకరు గుండె వైపు నుంచి, ఇంకొకరు పని వైపు నుంచి చేశారు. వేషం వేసి ఇతరుల్ని బాగుచేసి తాను ఖాళీ అయ్యే ఆ నర్సు కథ నటుల కథ కూడా.

1978లో ‘త్రిశూల్’ వచ్చేసరికి ఆమెకు తల్లి వేషాలే మిగిలాయి. అమితాబ్ కోపానికి కారణం చెప్పడానికి సినిమా మొదట్లో కాసేపు కనిపిస్తుంది. మోసపోయిన శాంతి బిడ్డను సాకడానికి కట్టడాల దగ్గర కూలి చేస్తుంది. దేశంలో ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో మొదలైంది మా పక్కనున్న నార్పల మండలం బండ్లపల్లిలో. తట్టలు మోసే ఆడవాళ్ళను రోజూ చూసేవాళ్ళం కాబట్టి తెరమీద తట్ట ఎత్తే నటిని ఇట్టే పసిగడతాం. వహీదా తట్ట ఎత్తితే మెడ బిగుస్తుంది. అదొక్కటి చాలు.

ఆమె చేసినవన్నీ మేలిమి అనను. ‘నీల్ కమల్’కి ఫిల్మ్‌ఫేర్ అవార్డు వచ్చింది, నాకు అందులో పూర్వజన్మ పిలుపుకు నడిచే బొమ్మ తప్ప మనిషి కనబడదు. ‘రేష్మా ఔర్ షేరా’కి జాతీయ అవార్డు వచ్చింది, ఆ ఎడారిలో ఆమె ముఖం ఎంత నిండుగా ఉన్నా కథ మగాళ్ళ పగల వెంట పరుగెత్తుతుంది. ఆమె నిగ్రహం కొన్నిసార్లు దర్శకుడికి సోమరితనాన్నీ నేర్పింది. ఏమీ రాయకపోయినా ఆమె మౌనంగా ఉంటే లోతుగా కనబడుతుందని వదిలేశారు. ఇక మన తెలుగువాళ్ళం ఆమెను మళ్ళీ పిలిచింది 1974లో ‘బంగారు కలలు’కి, 1986లో ‘సింహాసనం’కి. వెళ్ళేటప్పుడు ఒక్క పాట ఇచ్చి పంపాం. తిరిగి వచ్చేసరికి హీరో చుట్టూ తిరిగే కథల్లో ఒక మూల చూపించాం. మధ్యలోని రోజీ, హీరాబాయి, రాధ లాంటి మనిషిని తెలుగులో ఆమె కోసం ఎవరూ రాయలేదు. ‘మన నటి’ అనే ముందు ఈ లెక్క కూడా ఒప్పుకోవాలి.

ఈసారి ఎప్పుడైనా తీరిక దొరికితే వరస మార్చి చూడండి. ముందు ‘గైడ్’లో పాములవాళ్ళ మధ్య నాట్యం, తర్వాత ‘తీస్రీ కసమ్’ స్టేషన్, ఆ తర్వాత ‘ఖామోషీ’ నడవా, ఆఖరున ‘రోజులు మారాయి’ ఏరువాక పాట. మొదట్లో పేరు లేకుండా ఆడి వెళ్ళిపోయిన ఆ అమ్మాయి, ఆఖరున చూసినప్పుడు పేరున్న మనిషిలా కనిపిస్తుంది. పొడుగ్గా ఉంది, మార్చుకోమంటే మార్చుకోనన్న పేరు.